సిగ్నల్ జనరేటర్‌లో వేవ్‌ఫామ్ ప్లేబ్యాక్ సెట్ చేసుకోవడం ఎలా

కంప్యూటర్‌లో తయారుచేసుకున్న ఐ/క్యూ ఫైలును (ఒకదానికొకటి 90 డిగ్రీల ఫేజ్ తేడా ఉన్న ఐ, క్యూ అనే రెండు భాగాల అంకెలుగా సిగ్నల్‌ను రాసిన ఫైలును) వెక్టర్ సిగ్నల్ జనరేటర్‌లోకి ఎక్కించి ప్లే నొక్కితే, స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద ఏదో ఒక ఆకారం కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఏమీ రాకపోతే ఎక్కడ తేడా ఉందోనని వెతుకుతాం. ఏదో ఒకటి వస్తే మాత్రం సరైనదే వచ్చిందనుకుని కొలతలు మొదలుపెట్టేస్తాం. ఫైలులో ఉన్నవి ఉత్త అంకెలు. అవి ఎంత వేగంతో బయటికి రావాలి, ఎంత స్థాయిలో రావాలి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలి అన్న సంగతులు చాలాసార్లు ఆ ఫైలులో ఉండవు. వాటిని పరికరంలో మీరే పెట్టాలి. మీరు పెట్టకపోతే, అంతకుముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు వదిలేసిన సెట్టింగులే నడుస్తాయి.

మెనూల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. ఒకచోట ఆర్బ్ (ఆర్బిట్రరీ వేవ్‌ఫామ్‌కు పొట్టి పేరు) అంటారు, ఇంకోచోట డ్యుయల్ ఆర్బ్ అంటారు. పేరేదైనా, కింద చెప్పిన క్రమంలో వెళ్లండి. ఒక సెట్టింగ్ మీద ఇంకోటి ఆధారపడి ఉంటుంది కాబట్టి క్రమం మారిస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

పరికరం ముట్టుకునే ముందు

కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: శాంపిల్ రేటు, మొత్తం శాంపిళ్ల సంఖ్య, సిగ్నల్ బ్యాండ్‌విడ్త్, సగటు పవర్ కంటే శిఖరం ఎన్ని డీబీలు పైన ఉందో ఆ అంకె. ఫైలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనే ఇవన్నీ దొరుకుతాయి. వేరేవాళ్లు ఇచ్చిన ఫైలైతే అడిగి తెలుసుకోండి, ఊహించుకోవద్దు.

ఉదాహరణకు 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ మొబైల్) సిగ్నల్‌కు మామూలుగా వాడే శాంపిల్ రేటు సెకనుకు 30.72 మెగాశాంపిళ్లు. ఒక ఫ్రేము 10 మిల్లీసెకన్లు. అంటే ఫైలులో 3,07,200 శాంపిళ్లు ఉండాలి. ఐకి 16 బిట్లు, క్యూకి 16 బిట్లు చొప్పున ఒక్కో శాంపిల్‌కు 4 బైట్లు, మొత్తం సుమారు 1.2 మెగాబైట్లు. ఫైలు సైజు ఈ లెక్కకు దగ్గరగా లేకపోతే అక్కడే ఆగండి. ఏ ఫైలుకైనా ఈ గుణకారం చేసి చూడటం అర నిమిషం పని. తర్వాత గంటల కొద్దీ వెతకడాన్ని అది తప్పిస్తుంది.

1. శుభ్రమైన స్థితి నుంచి మొదలుపెట్టండి

ప్రీసెట్ నొక్కండి. ఆర్‌ఎఫ్ అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉందని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. కొన్ని పరికరాల్లో యూజర్ ప్రీసెట్ అని వేరుగా ఉంటుంది. అది ఎవరో దాచుకున్న స్థితికి తీసుకెళ్తుంది కాబట్టి ఫ్యాక్టరీ ప్రీసెట్టే వాడండి.

ఆ తర్వాత 10 మెగాహెర్ట్జ్ రెఫరెన్స్, అంటే పరికరం తన ఫ్రీక్వెన్సీలన్నిటికీ ఆధారంగా తీసుకునే క్లాక్. జనరేటర్‌నూ ఎనలైజర్‌నూ ఒకే రెఫరెన్స్‌కు కట్టండి. ఒకదాని రెఫరెన్స్ అవుట్ నుంచి ఇంకోదాని రెఫరెన్స్ ఇన్‌కు కేబుల్ వేసి, రెండో పరికరంలో ఎక్స్‌టర్నల్ రెఫరెన్స్ ఎంచుకుంటే చాలు. క్యారియర్ ఫ్రీక్వెన్సీ మాత్రమే కాదు, శాంపిల్ క్లాక్ కూడా ఈ రెఫరెన్స్ నుంచే పుడుతుంది. రెండు పరికరాల మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా 2 గిగాహెర్ట్జ్ దగ్గర అది 2 కిలోహెర్ట్జ్ అవుతుంది. తెర మీద అన్‌లాక్ హెచ్చరిక లేదని చూసుకుని ముందుకు వెళ్లండి.

2. ఫైలును సరైన మెమరీలోకి ఎక్కించండి

జనరేటర్లలో చాలావాటికి రెండు రకాల నిల్వ ఉంటుంది. ఒకటి కరెంటు పోయినా నిలిచేది, ఇంకోటి ప్లే చేయడానికి వాడే వేగమైన మెమరీ. ఇలాంటి పరికరాల్లో మొదటిదాంట్లో కాపీ చేసినంత మాత్రాన ఫైలు ప్లే జాబితాలో కనిపించదు. దాన్ని రెండోదాంట్లోకి లోడ్ చేయాలి. ఆఫ్ చేసి ఆన్ చేశాక వేవ్‌ఫామ్ మాయమైందంటే కారణం సాధారణంగా ఇదే.

బైట్ల వరుస కూడా గమనించండి. కీసైట్ జనరేటర్లు ముడి ఐ/క్యూ డేటాలో పెద్ద బైట్‌ను (16 బిట్ల అంకెలో ఎక్కువ విలువ ఉన్న సగాన్ని) ముందు ఆశిస్తాయి. మామూలు కంప్యూటర్లు చిన్న బైట్‌ను ముందు రాస్తాయి. రోడే అండ్ ష్వార్జ్ వాడే డబ్ల్యూవీ ఫైళ్లలో చిన్న బైటే ముందు ఉంటుంది. ఇది తారుమారైతే ఎర్రర్ ఏమీ రాదు, ఫైలు చక్కగా ప్లే అవుతుంది. ఎనలైజర్ మీద మాత్రం మీ సిగ్నల్ బదులు, శాంపిల్ రేటంత వెడల్పున చదునైన నాయిస్ గుట్ట కనిపిస్తుంది. ఆ ఆకారం చూడగానే బైట్ల వరుసను అనుమానించండి.

హెడర్ (వేవ్‌ఫామ్‌తో పాటు దాని సెట్టింగులు దాచే చోటు) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. డబ్ల్యూవీ ఫైలులో క్లాక్, సగటు స్థాయి, శిఖర స్థాయి ట్యాగుల రూపంలో ఫైలుతోనే వస్తాయి. ముడి ఐ/క్యూ ఫైలైతే హెడర్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు పరికరం ప్రస్తుతం ఉన్న సెట్టింగులనే వాడుకుంటుంది. అందుకే అన్నీ సరిచేశాక హెడర్‌ను సేవ్ చేయడం మర్చిపోవద్దు. సేవ్ చేయకపోతే వేరే వేవ్‌ఫామ్ ఎంచుకుని తిరిగొచ్చేసరికి మీ మార్పులు ఉండవు.

3. శాంపిల్ రేటు

రాసుకున్న అంకెను ఉన్నదున్నట్టు టైపు చేయండి. 30.72ను 30 అని సరిపెట్టుకోవద్దు. అలా చేస్తే ఏమవుతుందో చూడండి: 10 మిల్లీసెకన్ల ఫ్రేము 10.24 మిల్లీసెకన్లకు సాగుతుంది, 15 కిలోహెర్ట్జ్ ఉండాల్సిన సబ్‌క్యారియర్ల (సిగ్నల్‌లో పక్కపక్కనే ఉండే చిన్న క్యారియర్ల) ఎడం 14.65కు తగ్గుతుంది, సుమారు 18 మెగాహెర్ట్జ్ ఆక్రమించే సిగ్నల్ 17.6కు కుదించుకుపోతుంది. తెర మీద ఈ తేడా కంటికి ఆనదు. రిసీవర్ మాత్రం లాక్ కాదు. మీరేమో రిసీవర్‌దే తప్పనుకుని దాన్ని విప్పడం మొదలుపెడతారు.

శాంపిల్ రేటు మొత్తం బ్యాండ్‌విడ్త్‌గా పనికిరాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. శాంపిళ్లను నిరంతర తరంగంగా మార్చే పునర్నిర్మాణ ఫిల్టర్ అంచుల్లో జారుతుంది కాబట్టి రేటులో దాదాపు 80 శాతమే వాడుకోదగ్గదని లెక్కేసుకోండి. 100 మెగాహెర్ట్జ్ కావాలంటే 125 మెగాశాంపిళ్లు కావాలి. మీ పరికరం స్పందన చదునుగా ఉండేది ఎంతవరకో దాని స్పెసిఫికేషన్‌లో చూసి ఖాయం చేసుకోండి.

4. చివర, మొదలు కలిసే చోటు

వేవ్‌ఫామ్ ఒకసారి అయ్యాక మళ్లీ మొదటి శాంపిల్‌కు వస్తుంది. ఆ అతుకు సాఫీగా ఉందా లేదా అన్నది ఫైలు తయారీలోనే తేలిపోతుంది, పరికరంలో దాన్ని సరిచేసే మీట ఏదీ లేదు. అయినా ఇక్కడ దాని గురించి చెప్పాల్సిందే, ఎందుకంటే ఈ లోపం పరికరం లోపంలాగే కనిపిస్తుంది.

సెకనుకు 100 మెగాశాంపిళ్ల రేటులో క్యారియర్‌కు 1 మెగాహెర్ట్జ్ పైన ఒక టోన్ కావాలనుకోండి. ఒక చక్రానికి 100 శాంపిళ్లు. ఫైలులో 1,000 శాంపిళ్లు పెడితే సరిగ్గా 10 చక్రాలు, అతుకు తెలియదు. 1,050 పెడితే పదిన్నర చక్రాలు. అంటే ప్రతి 10.5 మైక్రోసెకన్లకు ఒకసారి ఫేజ్ 180 డిగ్రీలు గెంతుతుంది. 10.5 మైక్రోసెకన్లకు ఒకసారి తిరిగొచ్చే సిగ్నల్‌లో 95.24 కిలోహెర్ట్జ్ గుణిజాలు తప్ప వేరే ఫ్రీక్వెన్సీ ఉండటానికి వీల్లేదు. 1 మెగాహెర్ట్జ్ ఆ గుణిజాల్లో లేదు. కాబట్టి మీరు అడిగిన చోట టోన్ అసలు ఉండదు. దానికి అటూ ఇటూ 952.4 దగ్గరా 1,047.6 కిలోహెర్ట్జ్ దగ్గరా రెండు గీతలు, ఒక్కొక్కటీ దాదాపు 4 డీబీ తక్కువ ఎత్తులో నిలబడతాయి. వాటి వెనక చిన్న గీతల బారు. దీన్ని చూసి ఫేజ్ నాయిస్ అనో స్ప్యూరియస్ అనో అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

కాబట్టి టోన్లయితే పూర్తి చక్రాలు, డిజిటల్ మాడ్యులేషన్ అయితే పూర్తి సింబళ్లు, ప్రమాణం ప్రకారం ఫ్రేములున్న సిగ్నల్ అయితే పూర్తి ఫ్రేములు ఉండాలి. పల్స్ షేపింగ్ ఫిల్టర్ తోక కూడా చివరి నుంచి మొదటికి చుట్టుకుని రావాలి. ఫిల్టరింగ్ చక్రీయంగా చేస్తే ఇది దానంతటదే జరుగుతుంది.

5. స్కేలింగ్: ఈ సెట్టింగ్‌ను దాటేయకండి

16 బిట్ల డేటా విలువలు -32768 నుంచి +32767 వరకు ఉంటాయి. అన్నీ ఆ హద్దులోపలే ఉన్నా కొన్నిసార్లు డాక్ ఓవర్‌రేంజ్ అనే ఎర్రర్ వస్తుంది (డాక్ అంటే అంకెలను వోల్టేజీగా మార్చే భాగం). ఫైలులో హద్దు దాటిన అంకె ఒక్కటీ లేదే అని అయోమయపడతాం.

జరిగేది ఇది. డాక్‌కు ముందు పరికరం మీ శాంపిళ్ల మధ్య కొత్త శాంపిళ్లను పూరిస్తుంది. నిజమైన తరంగ శిఖరం మీ రెండు శాంపిళ్ల మధ్యలో ఉంటే, ఆ కొత్త శాంపిల్ మీవాటికంటే ఎత్తుగా వస్తుంది. శాంపిల్ రేటులో నాలుగో వంతు ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ తరంగాన్ని 45, 135, 225, 315 డిగ్రీల దగ్గర శాంపిల్ చేస్తే నాలుగూ ఒకే పరిమాణంలో ఉంటాయి. వాటిని పూర్తి స్థాయికి పెంచేశారంటే, మధ్యలో ఉన్న అసలు శిఖరం 1.414 రెట్లు, అంటే 3 డీబీ పైకి పోతుంది. హద్దు దాటి తల తెగుతుంది.

ఇందుకే రన్‌టైమ్ స్కేలింగ్. 70 శాతంతో మొదలుపెట్టండి. అది 3.1 డీబీ తగ్గింపు, పైన చెప్పిన ఉదాహరణను సరిగ్గా కాపాడుతుంది. ఓవర్‌రేంజ్ ఇంకా వస్తుంటే కొంచెం కొంచెంగా దించండి. అలాగని 20, 30 శాతానికి దించేస్తే డాక్ బిట్లు వృథా అవుతాయి. సిగ్నల్ కిందికి వస్తుంది, నాయిస్ నేల అక్కడే ఉంటుంది. పక్క ఛానల్ పవర్ కొలిచేటప్పుడు ఈ తేడా నేరుగా మీ ఫలితంలో కనిపిస్తుంది. ఎర్రర్ పోయిన స్థాయిలో ఆగడమే మంచిది.

సెగ్మెంట్లను (విడివిడి వేవ్‌ఫామ్‌లను) వరుసగా కలిపి సీక్వెన్స్ చేస్తుంటే ఒక జాగ్రత్త. ఒక్కో సెగ్మెంట్‌ను విడిగా పూర్తి స్థాయికి పెంచుకోకండి. మొదటిది రెండోదానికంటే 6 డీబీ ఎక్కువ ఉండాలని మీ ఉద్దేశమైతే ఆ తేడా అక్కడే చెరిగిపోతుంది. అన్నిటినీ ఒకే కొలమానంతో స్కేల్ చేయండి.

6. అవుట్‌పుట్ స్థాయి

తెర మీద కనిపించే డీబీఎం అంకె సగటు పవర్. శిఖరం అంతకంటే పైన ఉంటుంది. ఓఎఫ్‌డీఎం సిగ్నళ్లలో (ఎల్‌టీఈలా చాలా సబ్‌క్యారియర్లు కలిసి ఉండేవాటిలో) ఈ తేడా 10 నుంచి 12 డీబీ ఉండటం మామూలే. మీ జనరేటర్ శుభ్రంగా ఇవ్వగలిగింది +15 డీబీఎం అనుకుందాం, సిగ్నల్ తేడా 11 డీబీ. అప్పుడు సగటు +4 దాటితే శిఖరాలు నలగడం మొదలవుతుంది. పరీక్షిస్తున్న పరికరం ఇన్‌పుట్ ఎంత తట్టుకుంటుందో కూడా శిఖరంతోనే లెక్కేయండి, సగటుతో కాదు.

బర్స్ట్ సిగ్నళ్లలో ఇంకో మెలిక ఉంది. 10 మిల్లీసెకన్ల ఫైలులో 1 మిల్లీసెకను మాత్రమే సిగ్నల్, మిగతాది నిశ్శబ్దం అనుకోండి. ఖాళీని కలుపుకుని సగటు తీస్తే అది బర్స్ట్ పవర్ కంటే 10 డీబీ తక్కువ. ఆ సగటును పరికరానికి ఇచ్చి -20 డీబీఎం పెడితే, బర్స్ట్ నిజానికి -10 దగ్గర వస్తుంది. సగటు విలువను ఫైలంతటి మీదా లెక్కిస్తోందా, బర్స్ట్ ఉన్నంత మేరకేనా, లేక మీరే చేత్తో ఇవ్వాలా అన్నది హెడర్‌లో చూసుకోండి. అనుమానం ఉంటే అవుట్‌పుట్‌ను తక్కువ స్థాయి నుంచే మొదలుపెట్టండి.

ఆర్‌ఎఫ్ కాకుండా మామూలు ఫంక్షన్ జనరేటర్ వాడుతున్నవాళ్లకు ఒక మాట: లోడ్ సెట్టింగ్ 50 ఓములని ఉండి, మీరు కలిపింది 1 మెగాఓము ఓసిలోస్కోప్ ఇన్‌పుట్ అయితే, తెర మీద 1 వోల్ట్ అన్నది అక్కడ 2 వోల్టులుగా కనిపిస్తుంది. పరికరం చెడిపోలేదు. లోడ్‌ను హై ఇంపెడెన్స్‌కు మార్చండి, లేదా స్కోప్ దగ్గర 50 ఓముల టెర్మినేషన్ పెట్టండి.

7. మార్కర్లు, ఏఎల్‌సీ

ఏఎల్‌సీ అవుట్‌పుట్ పవర్‌ను గమనిస్తూ స్థిరంగా ఉంచే వలయం. నిరంతర సిగ్నల్‌కు అది మంచి తోడు. బర్స్ట్‌ల మధ్య ఖాళీ వచ్చినప్పుడు మాత్రం పవర్ పడిపోయిందనుకుని గెయిన్ పెంచేస్తుంది, దాంతో తర్వాతి బర్స్ట్ మొదట్లో ఎగిసిపడుతుంది. రెండు మార్గాలున్నాయి. ఖాళీ ఉన్నంతసేపు ఏఎల్‌సీని పట్టి ఉంచేలా ఒక మార్కర్‌ను (శాంపిళ్లతో పాటు ఉండే ఆన్/ఆఫ్ బిట్‌ను) దానికి కేటాయించడం ఒకటి. ఏఎల్‌సీ ఆఫ్ చేసి పవర్ సెర్చ్ (ఒకసారి పవర్ సరిచేసి ఆ స్థితిలోనే నిలిపే పని) వాడటం ఇంకోటి. రెండోది ఎంచుకుంటే, సెర్చ్ జరిగే సమయంలో అవుట్‌పుట్ బయటికి రాకుండా చూసే ఎంపిక ఉందేమో వెతకండి. లేకపోతే ఆ కాసేపు కేబుల్ తీసేయడం క్షేమం.

మార్కర్‌ను ఆర్‌ఎఫ్ బ్లాంకింగ్‌కు కూడా కలపవచ్చు. మార్కర్ కింద ఉన్నప్పుడు ఆర్‌ఎఫ్ పూర్తిగా ఆగుతుంది, బర్స్ట్‌ల మధ్య నిశ్శబ్దం లోతుగా వస్తుంది. అయితే బ్లాంకింగ్ ఆన్‌లో ఉండి, మీ ఫైలు మార్కర్ బిట్లన్నీ సున్నాలైతే అవుట్‌పుట్ ఏమీ రాదు. ఆర్‌ఎఫ్ ఆన్, మాడ్యులేషన్ ఆన్, ఆర్బ్ ఆన్ అని తెర చెబుతూనే ఉంటుంది. ఎనలైజర్ మీద మాత్రం నాయిస్ నేల తప్ప ఏమీ ఉండదు. అలాంటప్పుడు కేబుల్ మార్చే ముందు మార్కర్ రూటింగ్, మార్కర్ పొలారిటీ చూడండి.

8. ట్రిగ్గర్

ఏ ట్రిగ్గర్ మోడ్ కావాలో పనిని బట్టి తేల్చుకోండి.

ఆంప్లిఫయర్ వక్రీకరణ లాంటివి కొలుస్తుంటే కంటిన్యువస్, ఫ్రీ రన్. ఆలోచించాల్సింది ఏమీ లేదు. రిసీవర్‌కు సరైన క్షణంలో ఫ్రేము అందాలంటే ట్రిగ్గర్ వచ్చాక మొదలై ఆగకుండా తిరిగే మోడ్. ఒక ట్రిగ్గర్‌కు ఒకే ప్యాకెట్ వెళ్లాలంటే సింగిల్. సింగిల్‌లో ప్లే అవుతుండగానే ఇంకో ట్రిగ్గర్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి: పట్టించుకోకుండా ఉండటం, గుర్తుపెట్టుకుని తర్వాత ప్లే చేయడం, వెంటనే మొదటికి వెళ్లడం. ఇది పెట్టకుండా వదిలేస్తే ప్యాకెట్ల లెక్క అప్పుడప్పుడూ తప్పుతుంది. అప్పుడప్పుడూ తప్పేదాన్ని పట్టుకోవడం ఎప్పుడూ తప్పేదాన్ని పట్టుకోవడం కంటే చాలా కష్టం.

గేటెడ్ మోడ్‌లో గేటు మూసి తెరిచాక వేవ్‌ఫామ్ ఆగిన చోటి నుంచి సాగుతుందా, మొదటి నుంచి వస్తుందా అన్నది మీ పరికరం మాన్యువల్‌లో చూడండి. సింగిల్‌కైనా గేటెడ్‌కైనా ఫైలు చివర కొన్ని సున్నా శాంపిళ్లు పెట్టుకోవడం మంచి అలవాటు. కొన్ని పరికరాలు ఆగినప్పుడు చివరి శాంపిల్ విలువనే పట్టుకుని ఉంటాయి. ఆ విలువ సున్నా కాకపోతే క్యారియర్ బయటికి వస్తూనే ఉంటుంది.

బయటి నుంచి వచ్చే ట్రిగ్గర్ అయితే ఏ కనెక్టరో, ఏ అంచో, ఎంత వోల్టేజో సరిచూసుకోండి. ట్రిగ్గర్ శాంపిల్ క్లాక్‌తో కలిసి నడవకపోతే మొదలయ్యే క్షణం ఒక శాంపిల్ వరకు అటూ ఇటూ ఊగుతుంది. 30.72 మెగాశాంపిళ్ల రేటులో అది సుమారు 32.6 నానోసెకన్లు. అంత ఊగిసలాట మీ కొలతకు పనికిరాదంటే, ట్రిగ్గర్ ఇచ్చే పరికరాన్నీ అదే 10 మెగాహెర్ట్జ్ రెఫరెన్స్‌కు కట్టండి.

9. మొదటిసారి ఆన్ చేసి చూడండి

పరీక్షించాల్సిన పరికరాన్ని ఇప్పుడే కలపొద్దు. జనరేటర్ నుంచి నేరుగా ఎనలైజర్‌కు కేబుల్ వేసి, -20 డీబీఎం లాంటి సురక్షితమైన స్థాయిలో ఆర్‌ఎఫ్ ఆన్ చేయండి.

అసలు సిగ్నల్ కంటే ముందు క్యారియర్‌కు 1 మెగాహెర్ట్జ్ పైన ఉండే ఒంటరి టోన్‌ను ప్లే చేయమంటాను. ఒక్క టోన్ చాలా చెబుతుంది. గీత క్యారియర్‌కు కుడివైపు ఉండాలి. ఎడమవైపు కనిపిస్తే ఐ, క్యూ తారుమారయ్యాయి. సరిగ్గా 1 మెగాహెర్ట్జ్ దగ్గర లేకపోతే శాంపిల్ రేటు తప్పు. సరిగ్గా మధ్యలో చిన్న గీత ఉంటే అది క్యారియర్ లీకేజీ, అద్దంలోలా ఎదుటి పక్క కనిపించేది ఇమేజ్. ఈ రెండూ ఎక్కువగా ఉంటే పరికరంలోని ఐ/క్యూ క్యాలిబ్రేషన్ నడపండి, పరికరం వేడెక్కి స్థిరపడ్డాక మాత్రమే.

తర్వాత అసలు వేవ్‌ఫామ్‌కు మారండి. ఛానల్ పవర్ కొలిచి మీరు పెట్టిన అంకెతో పోల్చండి, కేబుల్ నష్టం కలుపుకోవడం మరవకుండా. సిగ్నల్‌ను డీమాడ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటే ఈవీఎం (ఆదర్శ సిగ్నల్ నుంచి అసలు సిగ్నల్ ఎంత తప్పిందో చెప్పే కొలత) చూసి రాసిపెట్టుకోండి. రేపు పరీక్షించే పరికరం ద్వారా కొలిచినప్పుడు వచ్చే ఈవీఎంలో జనరేటర్ వాటా ఎంతో తెలిసేది ఈ అంకె వల్లే.

10. దాచుకోవడం

పరికరం స్థితిని సేవ్ చేస్తే వేవ్‌ఫామ్ కూడా సేవ్ అయిందనుకోకండి. సాధారణంగా స్థితి ఫైలులో ఉండేది వేవ్‌ఫామ్ పేరు మాత్రమే. ప్లే మెమరీ నుంచి ఆ పేరు పోయిందంటే, రీకాల్ చేసినప్పుడు ఎర్రర్ వస్తుంది. అందుకే వేవ్‌ఫామ్‌ను శాశ్వత నిల్వలోకి కాపీ చేయడం, హెడర్ సేవ్ చేయడం, స్థితిని సేవ్ చేయడం అనే మూడు పనులూ ఈ వరుసలోనే చేయండి.

ప్రోగ్రామ్ ద్వారా నడిపేవాళ్లు ఇదే క్రమాన్ని స్క్రిప్టులో పెట్టుకోవచ్చు: ఆర్‌ఎఫ్ ఆఫ్, లోడ్, రేటు, స్కేలింగ్, స్థాయి, మార్కర్లు, ట్రిగ్గర్, ఆర్బ్ ఆన్, చివరగా ఆర్‌ఎఫ్ ఆన్. పెద్ద ఫైలు లోడ్ అవ్వడానికి సమయం పడుతుంది కాబట్టి, ఆ పని పూర్తయిందని పరికరం జవాబిచ్చాకే తర్వాతి ఆదేశం పంపండి. ఊరికే రెండు సెకన్లు ఆగమని రాస్తే చిన్న ఫైలుతో పనిచేసిన స్క్రిప్టు పెద్ద ఫైలుతో మొరాయిస్తుంది. ఆర్‌ఎఫ్ ఆన్ చేసే ముందు ఎర్రర్ క్యూను (పరికరంలో పోగైన ఎర్రర్ల వరుసను) ఖాళీ అయ్యేదాకా చదవండి. ఒక్కసారి చదివితే ఒక్క ఎర్రరే వస్తుంది, అసలు కారణం దాని వెనక ఉండొచ్చు.